లామినేషన్ ఎంత మందం వేయించాలి? ఏ కాగితానికి అసలు వేయించకూడదు?

జిరాక్స్ షాపుకి ఓ కాగితం పట్టుకెళ్లి "భాయి, లామినేషన్ చేసివ్వు" అంటే చాలాచోట్ల షాపతను ఇంకో మాట అడగడు. డబ్బాలో ఏ పౌచ్ చేతికొస్తే అది తీసి, మిషన్‌లో పెట్టి, అంచులు కత్తిరించి ఇచ్చేస్తాడు. మనమూ ఏమీ అడగం, పైసలిచ్చి వచ్చేస్తాం. రంజాన్ సహర్-ఇఫ్తార్ టైమ్‌టేబుల్‌కీ అదే పౌచ్, పిల్లాడి టెన్త్ మెమోకీ అదే పౌచ్. టైమ్‌టేబుల్ సంగతి పర్వాలేదు. మెమోతోనే చిక్కంతా.

మా దగ్గరి చుట్టాలబ్బాయికి సౌదీలో ఉద్యోగం కుదిరింది. సర్టిఫికెట్లు అటెస్టేషన్ చేయించుకోవాలన్నారు. వాళ్ల అబ్బా ఎన్నో ఏళ్ల క్రితమే, మెమో చిరిగిపోకూడదని, షాపులో దొరికిన వాటిలో అన్నిటికంటే మందమైన పౌచ్ వేయించి బీరువాలో దాచారు. తీరా తీసుకెళితే, "స్టాంపు కాగితం మీద వేయాలి గానీ ప్లాస్టిక్ మీద ఎలా వేస్తాం? లామినేషన్ తీయించుకుని రండి" అని వెనక్కి పంపారు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో వేడి చేసి లాగి చూశారు. ప్లాస్టిక్‌తో పాటు సగం అక్షరాలు, పైపొర కాగితం కూడా ఊడొచ్చాయి. డూప్లికేట్‌కి అప్లై చేసి, అది చేతికొచ్చేసరికి కంపెనీవాళ్లు ఇంకొకర్ని తీసేసుకున్నారు. అబ్బా చేసింది తప్పనలేం, జాగ్రత్త కోసమే చేశారు. కాకపోతే ఎవరూ ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మైక్రాన్ లెక్క

లామినేషన్ మందాన్ని మైక్రాన్లలో చెబుతారు. మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఈ మాట మనకి కొత్తేమీ కాదు, కూరగాయల సంచుల దగ్గర విన్నదే. ప్లాస్టిక్ క్యారీబ్యాగు కనీసం 75 మైక్రాన్లు ఉండాలని 2021 సెప్టెంబర్ 30 నుంచి, 120 మైక్రాన్లు ఉండాలని 2022 డిసెంబర్ 31 నుంచి రూలు వచ్చింది. అంటే షాపుల్లో ఎక్కువగా కనిపించే 125 మైక్రాన్ల పౌచ్‌లో ఒక్కో పొర, ఇప్పటి గట్టి క్యారీబ్యాగు ప్లాస్టిక్ కంటే కాస్త ఎక్కువ మందం అన్నమాట.

పౌచ్‌కి రెండు పొరలుంటాయి, మధ్యలో కాగితం. మామూలు 80 జీఎస్‌ఎం జిరాక్స్ కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. దానికి అటు 125, ఇటు 125 కలిపితే మొత్తం 350, అంటే మిల్లీమీటర్‌లో మూడో వంతు. మన ఏటీఎం కార్డు 760 మైక్రాన్లు ఉంటుంది. అదే కాగితాన్ని 250 మైక్రాన్ల పౌచ్‌లో పెడితే మొత్తం 600 అవుతుంది, ఏటీఎం కార్డుకి దగ్గరగా వస్తుంది.

ఇక్కడే షాపువాడిని ఒక మాట తప్పకుండా అడగాలి. "ఈ నంబరు ఒక్కవైపుదా, రెండువైపులా కలిపా?" ఒక్కవైపు మందమే రాయడం మామూలు పద్ధతి. కానీ రెండు పొరలూ కలిపి పెద్ద నంబరు చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. 125 మైక్రాన్ల పౌచ్‌నే 250 అని కొనేసి, ఇంటికొచ్చాక "ఇదేంటి ఇంత మెత్తగా ఉంది" అనుకోవడం దీనివల్లే. అమెరికాలో ఉన్న మనవాళ్లకి మాత్రం ప్యాకెట్ మీద "మిల్" అని కనిపిస్తుంది. ఒక మిల్ అంటే సుమారు 25 మైక్రాన్లు, కాబట్టి అక్కడి 5 మిల్ మన 125.

ఇంకో సంగతి. పౌచ్ పొర మొత్తం ఒకే ప్లాస్టిక్ కాదు. బయటవైపు పాలిస్టర్ ఉంటుంది, లోపలివైపు వేడికి కరిగే జిగురు ఉంటుంది. గట్టిదనం ఇచ్చేది పాలిస్టర్. జిగురు ఎక్కువ, పాలిస్టర్ తక్కువ ఉన్న చవక పౌచ్ అంతే మందం ఉన్నా మెత్తగా వంగిపోతుంది. ఒక చిన్న సాంపిల్ చేతిలో వంచి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఏ పనికి ఎంత?

ఒక నెలో, ఒక సంవత్సరమో గోడకి ఉండేవాటికి 80 మైక్రాన్లు చాలు. రంజాన్ టైమ్‌టేబుల్, ఇంటి ఫోన్ నంబర్ల కాగితం, స్కూలు టైమ్‌టేబుల్ లాంటివి. వీటికి మందమైనది వేయించడం పైసలు దండగ. పైగా బరువెక్కువై టేపు ఊడి కింద పడుతుంది.

పిల్లలు చేత్తో పట్టుకుని చదివే అలిఫ్-బా చార్టులు, లెక్కల ఎక్కాలు, దుకాణంలో రేట్ల పట్టీ, వీటికి 125 బాగా సరిపోతుంది. చిన్నపిల్లలైతే 175 దాకా వెళ్లొచ్చు, నమిలినా, నేలకేసి కొట్టినా తట్టుకుంటుంది. అయితే మందం పెరిగేకొద్దీ మూలలు కత్తిలా తయారవుతాయి. 250 మైక్రాన్ల కార్డు మూల కంట్లో పడితే చిన్న దెబ్బ కాదు. మూలలు గుండ్రంగా కత్తిరించమని చెప్పండి. దానికి షాపులో చిన్న పరికరం ఉంటుంది, లేకపోతే కత్తెరైనా చాలు.

రోజుకి వంద చేతులు మారే హోటల్ మెనూ, మదర్సా పిల్లల ఐడీ కార్డులు, ఇవి 175 నుంచి 250 అడుగుతాయి. బిర్యానీ నూనె చేతులతో పట్టుకుంటారు, గంటకోసారి తడిగుడ్డతో తుడుస్తారు. ఐడీ కార్డుకి తాడు కోసం రంధ్రం వేసేటప్పుడు, అది కాగితం మీదుగా కాకుండా కాగితం బయట ప్లాస్టిక్ అంచులో పడేలా చూసుకోవాలి. లేకపోతే ఆ రంధ్రంలోంచే చెమట, వాన నీళ్లు లోపలికి పోతాయి.

మందం ఎక్కువైతే నీళ్లు పోవనుకోవడం చాలామందికి ఉన్న పొరపాటు. నీళ్లు పైనుంచి పోవు, అంచు నుంచి పోతాయి. కాగితం చుట్టూ కనీసం 2-3 మిల్లీమీటర్లు రెండు పొరలూ ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి. "నీట్‌గా ఉంటుంది" అని కాగితం అంచు దాకా కత్తిరించేస్తే 250 మైక్రాన్లదైనా మొదటి వానకే తడి పీలుస్తుంది. అంచు వదిలితే 80 మైక్రాన్లది కూడా వంటింట్లో ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇంటికో చిన్న మిషన్ కొనుక్కునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వీటిలో చాలావరకు 125 మైక్రాన్ల దాకానే తీసుకుంటాయి. అంతకంటే మందమైనది పెడితే జిగురు పూర్తిగా కరగదు, తెల్లటి మబ్బులా ఉండిపోతుంది. అదే సన్న పౌచ్‌కి వేడి ఎక్కువ పెడితే అలలు అలలుగా ముడతలు పడుతుంది. పౌచ్‌ని ఎప్పుడూ మూసి ఉన్న అంచు ముందుగా లోపలికి పంపాలి. తెరిచి ఉన్నవైపు పెడితే రోలర్లకి చుట్టుకుంటుంది, ఆ తర్వాత మిషన్ విప్పాల్సిందే.

షాదీ రుక్కాల లెక్క వేరు

హైదరాబాద్ ఛత్తా బజార్‌లోనో, మీ ఊరి ప్రెస్సులోనో రుక్కాలు అచ్చు వేయించేటప్పుడు వినిపించే లామినేషన్ పౌచ్ కాదు, ఒక సన్నటి ఫిల్ము. దాని మందం 18 నుంచి 30 మైక్రాన్ల మధ్య ఉంటుంది. నంబరు చిన్నదని కంగారు పడక్కర్లేదు. ఇక్కడ గట్టిదనం ఇచ్చేది అట్ట. ఫిల్ము పని రంగు పోకుండా, గీతలు పడకుండా కాపాడడమే.

గ్లాసీ అయితే రంగులు మెరుస్తాయి, మాట్ అయితే హుందాగా ఉంటుంది, వెల్వెట్ చేతికి మెత్తగా తగులుతుంది. నల్ల రంగు, ముదురు మెరూన్ మీద మాట్ వేయిస్తే వేలిముద్రలు, గీతలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, సాంపిల్ చూడకుండా ఒప్పుకోవద్దు. పల్చటి అట్టకి ఒక్కవైపే ఫిల్ము వేస్తే కార్డు విల్లులా వంగుతుంది. మడత దగ్గర ముందుగా గీత నొక్కకుండా మడిస్తే తెల్లటి పగుళ్లు వస్తాయి. కవర్‌కి మాత్రం లామినేషన్ వద్దు. మన ఇళ్లల్లో రుక్కా మీద పిలిచేవాళ్ల పేరు పెద్దవాళ్లు చేత్తో రాస్తారు కదా, ప్లాస్టిక్ మీద మామూలు పెన్ను పట్టదు, పట్టినా చెరిగిపోతుంది. రుక్కాల చుట్టూ చుట్టే పారదర్శక ప్లాస్టిక్ కాగితం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం, ఎవరైనా "అందంగా ఉంటుంది" అని చూపిస్తే వద్దనండి.

ఆయతులు, అల్లాహ్ పేర్లు అచ్చైన కార్డుల గురించి కూడా ఆలోచించాలి. మామూలు కాగితమైతే పాతబడ్డాక అదబ్‌గా పూడ్చిపెడతాం, మట్టిలో కలిసిపోతుంది. లామినేషన్ అయినది కలవదు. ప్రతి కార్డుకీ, ప్రతి కరపత్రానికీ లామినేషన్ చేయించేముందు మసీదు కమిటీలు ఈ సంగతి చూసుకుంటే బాగుంటుంది.

వీటి జోలికి పోవద్దు

చదువు సర్టిఫికెట్లు, బర్త్ సర్టిఫికెట్, నికాహ్‌నామా, స్థలం దస్తావేజులు, పాస్‌పోర్టు. వీటికి 80 మైక్రాన్లా 250 మైక్రాన్లా అన్న ప్రశ్నే లేదు. వీటి మీద ఎప్పుడో ఒకప్పుడు ముద్ర పడాలి, సంతకం పడాలి, స్టిక్కర్ అంటించాలి. గల్ఫ్‌కి వెళ్లే అబ్బాయికి మెమో, డిగ్రీ కావాలి. భార్యని తీసుకెళ్లాలంటే పెళ్లి సర్టిఫికెట్ అటెస్టేషన్ కావాలి. పిల్లల టీకాల కార్డు కూడా అంతే, నర్సమ్మ తర్వాతి డోసు అందులో రాయాలి. ఆధార్ లెటర్‌కి చేయించుకోవచ్చు గానీ అవసరం లేదు, మామూలు కాగితం మీద డౌన్‌లోడ్ చేసిన ప్రింటు కూడా చెల్లుతుందని యూఐడీఏఐ 2018లోనే చెప్పింది.

ఆసుపత్రి కాగితాలతో మరింత జాగ్రత్త. ఈసీజీ పట్టీ, గర్భిణుల స్కానింగ్ బొమ్మ, ఏటీఎం స్లిప్పు, చాలా షాపుల బిల్లులు, ఇవన్నీ వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. లామినేషన్ మిషన్ వేడి వంద డిగ్రీలు దాటుతుంది. నాన్నగారి ఈసీజీ అందులో పెడితే అవతల వచ్చేది నల్లటి పట్టీ, గీత ఒక్కటి కనబడదు. ముందు జిరాక్స్ తీయించండి, ఆ జిరాక్స్‌కి కావాలంటే లామినేషన్ చేయించండి. పాత ఫొటోలకీ ఇదే దారి, స్కాన్ చేసి కొత్త ప్రింటుకి వేయించాలి.

అసలు కాగితాలు దాచడానికి తెరిచి తీసుకునే పారదర్శక కవర్లున్న ఫైలు చాలు. పాలీప్రొపిలిన్ అని రాసి ఉన్నది అడగండి. జిడ్డుగా, ఘాటు వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. కొన్నాళ్లకి జిరాక్స్ అక్షరాలు కవర్‌కే అంటుకుపోవడం చాలా ఇళ్లల్లో చూసిందే.

ఇప్పటికే మెమోకి లామినేషన్ అయిపోయి ఉంటే ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ ప్రయోగాలు చేయకండి. లేజర్ ప్రింటు, జిరాక్స్ అక్షరాలు వేడికి జిగురుతోనే వచ్చేస్తాయి. బోర్డులో డూప్లికేట్ కోసం దరఖాస్తు పెట్టుకోండి. అదీ వీసా మాట వచ్చాక కాదు, పిల్లాడు ఇంకా కాలేజీలో ఉండగానే.