66 మ్యాచ్‌లు, 5 గెలుపులు

మా హాస్టల్లో నాలుగేళ్లుగా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఏరా, మీ టైటాన్స్ ఇవాళ ఎంత తేడాతో పోయింది?" ఓడిపోయిందా అని ఎవడూ అడగడు, అది తేలిపోయిన విషయం. తేడా ఎంత అన్నదే వాళ్లకి కావాలి. చెన్నై ఫ్యాన్లు, ఆర్సీబీ ఫ్యాన్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకుని అలసిపోయాక, ఇద్దరూ కలిసి నవ్వుకోవడానికి మా రూమ్‌కి వస్తారు.

నేను ఇబ్రహీంపట్నంలో ఫస్టియర్‌లో చేరిన నెలలోనే, అంటే 2021 డిసెంబర్‌లో, ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్ మొదలైంది. కరోనా వల్ల అన్ని మ్యాచ్‌లూ బెంగళూరులో ఒకే హోటల్లో, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. సెకండియర్‌లో 22కి 2. థర్డియర్‌లో మళ్లీ 22కి 2. మూడుసార్లూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. మొత్తం 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు, 5 టైలు, 56 ఓటములు. మా బ్యాచ్‌లో ఎక్కువ బ్యాక్‌లాగ్స్ ఉన్నవాడి రికార్డు కూడా ఇంతకంటే నయం.

అందరూ "చెత్త టీమ్ రా బాబూ" అని తేల్చేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఫ్యాన్‌ని కాబట్టి మాత్రమే కాదు, లెక్క కూడా అలా చెప్పడం లేదు.

అప్పట్లో ప్రో కబడ్డీలో గెలిస్తే 5 పాయింట్లు, టై అయితే 3 వచ్చేవి. 7 లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా 1 పాయింట్ ఇచ్చేవారు. ఎనిమిదో సీజన్‌లో టైటాన్స్‌కి వచ్చినవి 27. గెలుపుకి 5, నాలుగు టైలకి 12 తీసేస్తే 10 మిగులుతాయి. అంటే ఓడిన 17 మ్యాచ్‌లలో 10 మ్యాచ్‌లు చివరిదాకా చేతిలో ఉన్నవే. తొమ్మిదో సీజన్‌లో మొత్తం 15 పాయింట్లే. ఇదే లెక్క వేస్తే దగ్గరగా ఓడినవి అయిదే, మిగతా 15 మ్యాచ్‌లు చిత్తుగా పోయాయి. దాన్ని చెత్త సీజన్ అంటే నేనేమీ వాదించను. పదో సీజన్ గురించి మాత్రం వాదిస్తా. నా గుండె పగిలింది ఆ సీజన్‌లోనే.

2023 అక్టోబర్ వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. లీగ్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. వేలానికి రెండ్రోజుల ముందే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్టు కెప్టెన్ అతను. ఆ రాత్రి నేను హాస్టల్లో అందరికీ చాయ్ పోయించా. "ఇప్పుడు నవ్వండ్రా చూద్దాం" అని సవాలు కూడా చేశా. పవన్ నన్ను మోసం చెయ్యలేదు, ఆ సీజన్‌లో రెండొందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. టీమ్ గెలిచినవి మాత్రం రెండు. ఎలా?

ఇక్కడ కబడ్డీ ఆట లోపలికి కాస్త వెళ్లాలి. క్రికెట్లో కోహ్లీ అవుటైతే ఆ ఇన్నింగ్స్‌కి అయిపోయినట్టే. కబడ్డీలో అవుటైనవాడు బయట కూర్చుని ఎదురుచూస్తాడు. మనవాళ్లు అవతలి వాళ్లలో ఒకరిని తాకో, పట్టో అవుట్ చేస్తే మనవాడు ఒకడు లోపలికొస్తాడు. బోనస్ పాయింట్‌కి ఎవరూ రారు. పైగా బయటికి వెళ్లిన వరసలోనే తిరిగి రావాలి. పవన్ కంటే ముందు ముగ్గురు బయట కూర్చుని ఉంటే, ఆ ముగ్గురూ వచ్చాకే పవన్. రేషన్ షాపు క్యూలో కోటీశ్వరుడు నిలబడ్డట్టే, వరస దాటే వీల్లేదు.

మరి వాళ్లని లోపలికి తెచ్చేదెవరు? సగం బాధ్యత రెండో రైడర్‌ది, సగం డిఫెన్స్‌ది. అవతలివాడు కూతకొచ్చినప్పుడు కార్నర్లూ కవర్లూ కలిసి పట్టేస్తే పవన్ ఒక్క రైడ్‌లో తిరిగొస్తాడు. పట్టకపోతే ఒక్కొక్కరే తగ్గుతూ పోతారు. ఏడుగురూ అయిపోతే ఆలౌట్, ప్రత్యర్థికి అదనంగా 2 పాయింట్లు. 40 నిమిషాల ఆటలో ఒక్కో కూతకి 30 సెకన్లు, అంటే ఒక్కో జట్టుకి సుమారు 40 కూతలు. స్టార్ రైడర్ ఐదు నిమిషాలు బయట కూర్చుంటే మన కూతల్లో అయిదారు వేరేవాళ్ల ఖాతాలోకి పోతాయి. దగ్గర మ్యాచ్ పోవడానికి అది చాలు.

ఇక డబ్బు లెక్క చూడండి. ఆ వేలంలో ఒక్కో జట్టు ఖర్చు పెట్టగలిగేది 5 కోట్లు. అందులో సగం పైగా ఒక్కడికే పోయింది. మిగిలిన దాంట్లోనే రెండో రైడర్, మూడో రైడర్, ఇద్దరు కార్నర్లు, ఇద్దరు కవర్లు, బెంచ్. మెస్ బిల్లు మొత్తం పెట్టి ఒక్క బిర్యానీ తిని, మిగతా నెలంతా పెరుగన్నంతో గడిపినట్టుంది. ఈ అలవాటు కొత్తదీ కాదు. మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి మీద ఆధారపడ్డారు (2015లో మూడో స్థానం వచ్చింది, అది ఒప్పుకోవాలి). 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1 కోటి 45 లక్షలు పెట్టారు. ఎనిమిదో సీజన్ మొదట్లోనే అతను గాయపడితే టీమ్ చేతులెత్తేసింది. పేర్లు మారాయి, ప్లాన్ మారలేదు.

డిఫెన్స్ మీద నాకింత పట్టింపు ఎందుకంటే, నేను మా బ్రాంచ్ టీమ్‌లో లెఫ్ట్ కార్నర్‌ని. థర్డియర్‌లో ఇంటర్ బ్రాంచ్ సెమీస్. మా రైడర్, నా రూమ్మేటే, సెకండాఫ్‌లో అవుటై బయట కూర్చున్నాడు. వాణ్ని లోపలికి తేవడానికి నాకు మూడు అవకాశాలొచ్చాయి. మొదటిసారి తొందరపడి, రైడర్ లోపలికి రాకముందే కాలి మీద పడ్డా. దీన్నే కామెంటరీలో అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు. రెండోసారీ అదే. మూడోసారి భయపడి అసలు కదల్లేదు. నాలుగు పాయింట్ల తేడాతో పోయాం. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. గీత బయట మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నావైపు చూసిన చూపు మాత్రం నాకిప్పటికీ గుర్తే. అప్పట్నుంచి టీవీలో కెమెరా పవన్‌ని బయట చూపించిన ప్రతిసారీ నేను వేరే ఎవరినీ తిట్టలేకపోయా.

2024 జనవరిలో సంక్రాంతి అయ్యాక గచ్చిబౌలి స్టేడియానికి బస్సులో వెళ్లా. నేను వెళ్లిన రోజు ఓడిపోయారు. తిరిగొచ్చి హాస్టల్లో పడుకుని ఉండగా యూపీ యోధాస్ మీద గెలిచారు. "నువ్వే శని" అని మావాళ్లు తేల్చేశారు.

ఫైనలియర్‌లో, పదకొండో సీజన్‌కి, కృషన్ కుమార్ హూడా కోచ్‌గా వచ్చాడు. ఎనిమిదో సీజన్‌లో దబంగ్ ఢిల్లీని చాంపియన్ చేసింది ఆయనే. మధ్యలో పవన్‌కి మోకాలి గాయమైంది. పాత టైటాన్స్ అయితే అక్కడితో కథ కంచికే. ఈసారి విజయ్ మాలిక్ భారం మోశాడు, డిఫెన్స్ పట్టింది, పవన్ లేకుండానే మ్యాచ్‌లు గెలిచారు. 22లో 12 గెలుపులు, 66 పాయింట్లు. అంతకుముందు మూడు సీజన్లలో కలిపి వచ్చినవి 63. స్థానం మాత్రం ఏడు. ప్లేఆఫ్స్‌కి అప్పట్లో వెళ్లేది ఆరు జట్లే.

మావాళ్లు మళ్లీ రూమ్‌కొచ్చారు, నవ్వడానికే. "12 గెలిచి కూడా బయటేనా మావా?" అన్నాడు ఆర్సీబీ వాడు. నాకు మాత్రం ఆ సీజన్ దక్కింది అనిపించింది. జట్టులో తెలుగు కుర్రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అన్న కంప్లైంట్ నాకూ ఉంది, దాని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు. కానీ స్టార్ బయట కూర్చుంటే మిగతా ఆరుగురు వాణ్ని వెనక్కి తేవడం నా నాలుగేళ్లలో మొదటిసారి చూశా.

ఆ ఏడు ఇంటర్ బ్రాంచ్‌లో కూడా మేం సెమీస్‌లోనే పోయాం. కాకపోతే ఈసారి మా రూమ్మేట్ బయట కూర్చుంది రెండే నిమిషాలు. వాణ్ని లోపలికి తెచ్చిన ట్యాకిల్ నాదే. వీడియో ఉంది, కావాలంటే రూమ్‌కి రండి.