చలిజ్వరమునకు మందిచ్చిన మొక్క

పూలదండలలో మరువముతో పాటు దవనమును కూర్చుట మనకు పరిచితమే. ఆ దవనమునకు దగ్గరి చుట్టమైన మొక్క యొకటి చీనా దేశమున పెరుగుచున్నది. దాని ఆకులు సన్నగా చీలియుండును. పువ్వులు చిన్నవి, పసుపుపచ్చనివి. చీనావారు దానిని ‘చింగ్‌హావ్’ అందురు. చూపునకు కలుపుమొక్క వలె నుండు నీ మొక్కయే లక్షలకొలది మలేరియా రోగులకు ప్రాణదాత యైనది.

మలేరియా పరాన్నజీవి వలన కలుగు వ్యాధి. కంటికి కనబడని యీ జీవి ఆడ అనాఫిలిస్ దోమ కాటుతో మన శరీరమున ప్రవేశించును. 1897 లో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో దీనిని కనుగొనెను. ఇది మొదట కాలేయమున వృద్ధిచెంది, పిదప ఎర్రరక్తకణములలో జొచ్చి, అందలి హీమోగ్లోబినును భక్షించి, వానిని పగులగొట్టి వెలువడును. చలియు, జ్వరమును అప్పుడే కలుగును.

ఈ వ్యాధికి తొలి మందు నిచ్చినదియు చెట్టే. దక్షిణ అమెరికాలోని సింకోనా బెరడునుండి 1820 లో ఇరువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు క్వినైనును వేరుచేసిరి. తరువాత క్లోరోక్విన్ అను కృత్రిమౌషధము వచ్చెను. కాని కొంతకాలమునకు అనేక దేశములలో పరాన్నజీవి దానికి లొంగకపోయెను.

1969 లో చీనాలో తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలికి కొత్త మందును వెదకు పని అప్పగింపబడెను. ఆమెయు, సహచరులును ప్రాచీన వైద్యగ్రంథములను శోధించి, వందలకొలది మూలికాసారములను పరీక్షించిరి. చింగ్‌హావ్ సారము ఒకమారు పనిచేసెను, మరియొకమారు విఫలమయ్యెను. కారణమేమి? నాల్గవ శతాబ్దమున గె హుంగ్ వ్రాసిన వైద్యగ్రంథమును ఆమె మరల చదివెను. అందు మూలికను కాచుమని లేదు. నీటిలో నానవైచి, పిండి, ఆ రసమును త్రాగుమని యున్నది. వేడియే మందు గుణమును చెరచుచున్నదేమో యని యామెకు తోచెను. అంతట తక్కువ వేడికే మరుగు ఈథరుతో సారమును తీసెను. 1971 అక్టోబరులో ఆ సారము ఎలుకలలోని పరాన్నజీవులను పూర్తిగా నిర్మూలించెను. రోగుల కిచ్చుటకు ముందు ఆమెయు, ఇరువురు సహచరులును దానిని తామే సేవించి, హాని లేదని తెలిసికొనిరి. 1972 లో వేరుపడిన శుద్ధపదార్థమే ఆర్టిమిసినిన్. 2015 లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ మందు పనిచేయు రీతి విచిత్రమైనది. పరాన్నజీవి హీమోగ్లోబినును జీర్ణించుకొనునప్పుడు అందలి ఇనుము బయటపడును. ఆ యినుముతో కలియగనే ఆర్టిమిసినిన్ చైతన్యము పొంది పరాన్నజీవిని చంపును. తిన్న తిండియే దానికి మృత్యువగును!

అయినను పోరాటము ముగియలేదు. ఈ మందునకును సులభముగా లొంగని పరాన్నజీవులు కాంబోడియాలోను, ఆఫ్రికాలోను కనబడినవి. అందుచే వైద్యులు దీనిని మరియొక మందుతో కలిపియే యిత్తురు. ఆకుల కషాయము త్రాగిన చాలునని తలపరాదు. అందు మందు ఎంత యున్నదో తెలియదు. మోతాదు తక్కువైన రోగము కుదురదు.

పూర్వుల మాటను తూ యూయూ త్రోసిపుచ్చలేదు; గ్రుడ్డిగా నమ్మనులేదు. దానిని పరీక్షకు నిలిపెను. అందువలననే గ్రంథములో నిద్రించిన మందు రోగి చేతి కందెను.