డ్యామ్ కింద పురుగులకు శని, ఆదివారాల సెలవు

అమెరికాలోని అరిజోనాలో కొలరాడో నదిపై కట్టిన గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు 1963లో మూశారు. దిగువన గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లే నీరు అప్పటి నుంచి జలాశయం లోతుల్లోంచి చల్లగా, ఒండ్రు లేకుండా వస్తోంది. అక్కడ నది అడుగున రాళ్లు తిరగేస్తే, మామూలుగా నదుల్లో ఉండే మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలు దాదాపు కనిపించవు. దోమల్లాంటి మిడ్జ్‌ల పిల్లపురుగులే ఎక్కువ. పురుగులు పోతే పోయాయి అనుకోవడానికి లేదు. ఆ నదికే ప్రత్యేకమైన హంప్‌బ్యాక్ చబ్ చేపకు తిండి అవే. రెక్కలొచ్చి పైకి ఎగిరాక గబ్బిలాలకూ, పక్షులకూ అవే ఆహారం.

చల్లదనం ఒక్కటే కారణం కాదు, కరెంటు కూడా. వాడకం పెరిగే వేళల్లో నీళ్లు ఎక్కువ వదులుతారు, రాత్రికి తగ్గిస్తారు. ఈ పురుగుల్లో చాలా రకాలు సరిగ్గా నీటి అంచునే రాళ్లకు గుడ్లు అంటిస్తాయి. కాసేపటికి నీరు దిగిపోతే గుడ్లు ఎండి చస్తాయి. రోజూ ఇదే తంతు.

2018 మే నుంచి ఆగస్టు వరకు అధికారులు ఒక ప్రయోగం చేశారు. శని, ఆదివారాల్లో నీటిని తక్కువ మట్టంలో, హెచ్చుతగ్గులు లేకుండా వదిలారు. ఆ రెండు రోజుల్లో పెట్టిన గుడ్లు సోమవారం నీరు పెరిగినా మునిగే ఉంటాయి. సెలవు రోజుల్లో కరెంటుకు గిరాకీ తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే. లెక్క తేల్చింది ఎక్కువగా పడవల గైడ్లు, యాత్రికులే. 2012 నుంచీ వాళ్లు సాయంత్రాలు ఒడ్డున దీపం పెట్టి, పక్కన పళ్లెంలో పడ్డ పురుగులను శాస్త్రవేత్తలకు ఇస్తున్నారు. ఆ వేసవి పళ్లేల్లో, అంతకుముందు అరుదైన కాడిస్‌ఫ్లైలు బాగా పెరిగాయి.