మెడలో బిళ్ల కట్టకముందే

గుట్కా, ఖైనీ, వక్క నమలడం వల్ల బుగ్గ లోపలో, ఉత్తరాంధ్ర తీర గ్రామాల స్త్రీలలో కొందరికి చుట్ట నిప్పుకొసను నోట్లో ఉంచి పీల్చే అడ్డపొగ వల్ల అంగిలి మీదో పుట్టే నోటి క్యాన్సర్ ఎంత ప్రమాదకరమన్నది పుండు పరిమాణం ఒక్కటే తేల్చదు. దాని కణాలు మెడలోని లింఫ్ గ్రంథులను చేరాయంటే, రోగి బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది.

రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరిన ద్రవాన్ని పోగుచేసి, గ్రంథులలో వడకట్టి, తిరిగి రక్తంలో కలిపేవి లింఫ్ నాళాలు. వీటిలో అతి సన్నని వాటి గోడ ఒకే వరుస కణాలతో ఏర్పడుతుంది. రక్తకేశనాళికలను చుట్టి ఉండే గట్టి ఆధారపొర దీనికి దాదాపు లేనందున, ఒకదానిపై ఒకటి కప్పుకొన్న కణాల అంచులు తలుపు రెక్కల్లా లోపలికి తెరుచుకుంటాయి. ద్రవం చేరడానికి ఏర్పడిన ఆ సందులే, తోటి కణాల పట్టు వదిలించుకున్న క్యాన్సర్ కణానికీ చోటిస్తాయి.

అయితే కణితి ఉన్న నాళాలతో సరిపెట్టుకోదు. అది, దాని చుట్టూ చేరిన కొన్ని రోగనిరోధక కణాలు కూడా, వీఈజీఎఫ్-సి అనే ప్రొటీన్‌ను స్రవిస్తాయి. 1996లో హెల్సింకీలో కారీ అలిటాలో బృందం గుర్తించిన ఈ ప్రొటీన్, లింఫ్ నాళ కణాలపై ఉండే వీఈజీఎఫ్ఆర్-3 అనే గ్రాహకానికి అతుక్కోగానే ఆ కణాలు విభజన చెంది, కొత్త కొమ్మలు వేస్తాయి, ఉన్న నాళాలు వెడల్పవుతాయి. ఈ రకం ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేసే కణితులు లింఫ్ గ్రంథులకు మరింతగా పాకుతాయని 2001లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపించాయి. కణితి నడుమ ఉన్న నాళాలు ఒత్తిడికి అణిగిపోయి చాలావరకు పనిచేయవు కనుక, అంచున పెరిగినవే అసలు ముప్పు. అంతకంటే ఆందోళన కలిగించే సంగతి ఏమిటంటే, క్యాన్సర్ కణం ఇంకా చేరకముందే గ్రంథిలో సైతం కొత్త నాళాలు పుట్టడం ఎలుకలలో కనిపించింది.

మెడలో బిళ్ల చేతికి తగలనంత మాత్రాన గ్రంథి శుభ్రంగా ఉందనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు, మెడలో వాపు లేని తొలిదశ రోగులలో కొందరికి నోటి శస్త్రచికిత్సతో పాటే మెడ గ్రంథులను తీసి, మిగిలిన వారికి బిళ్ల కనిపించాకే తీసి చూశారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడేళ్లకు మొదటి వర్గంలో 80 శాతం, రెండో వర్గంలో 67.5 శాతం జీవించి ఉన్నారు. పల్లెల నుంచి వచ్చి, మళ్లీ మళ్లీ పరీక్షకు రాలేని పేదలకు ఈ తేడా మరింత కీలకం కనుక, వారి విషయంలో వేచిచూడటం సమర్థనీయం కాదు.

కొత్త నాళాలు మొలవకుండా ఆపే మందులేవీ నోటి క్యాన్సర్ చికిత్సలో ఇంకా స్థిరపడలేదు. మరోవైపు, గ్రంథులన్నీ తీస్తే భుజం కదలిక దెబ్బతినే అవకాశం ఉన్నందున, పుండు చుట్టూ రేడియోధార్మిక పదార్థాన్ని ఎక్కించి, లింఫ్ ద్రవంతో పాటు అది మొట్టమొదట చేరిన గ్రంథిని మాత్రమే తీసి పరీక్షించి, అందులో క్యాన్సర్ కణాలు కనిపిస్తేనే మిగతా గ్రంథులను తొలగించే పద్ధతి కొన్ని పెద్ద కేంద్రాలలో అమలులో ఉంది.