గోదా మునిగిన చోట

నాగార్జునసాగర్ అనే పేరు రాకముందు ఈ చోటు నందికొండ. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేసింది ఇక్కడే. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ కలిసిన మున్సిపాలిటీకి ఇప్పుడు మళ్లీ ఆ పాత పేరే నిలిచింది.

ఇంటర్ బైపీసీ రెండో ఏడాది జువాలజీలో కండరాలు, అస్థిపంజరం పాఠం ఉంటుంది. ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లల్ని డ్యామ్ దాటించి అనుపు తీసుకెళ్లాలని నాకు బలంగా అనిపిస్తుంది. ఇక్ష్వాకుల విజయపురికి చెందిన, క్రీ.శ. 3–4 శతాబ్దాల నాటి ఇటుక మెట్ల క్రీడాస్థలి అక్కడుంది. జలాశయంలో మునిగిపోయే లోయలో తవ్వి తీసి, గట్టున మళ్లీ కట్టారు. నాలుగు వైపులా జనం, నడుమ గోదా. అక్కడ మల్లుడు ఒక్క ఉదుటున దూకాడనుకోండి. కండరంలో సిద్ధంగా ఉండే, శక్తినిచ్చే ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరి. వెంటనే దాన్ని తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. దాని సంగతి 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెల్లడించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మాట గోదాలో నిలబడి వింటే ఏ పిల్లవాడు మరిచిపోతాడు?

అయితే కండరం లాగాలంటే ఎముక నిలబడాలి. ఈ నల్గొండ జిల్లాకు అసలు పాఠం అదే. మర్రిగూడ వైపు తరాల తరబడి తాగిన బావి నీళ్లు, బోరు నీళ్లు ఒళ్లు విరిచేశాయి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలో పేరుకుంటుంది. కీళ్లను పట్టి ఉంచే బంధనాలు గట్టిపడతాయి, మెడ తిరగదు, నడుము వంగదు. ఎదిగే పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగలడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. డ్యామ్ ఊటతో నేల మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి తగ్గడం కూడా కారణం కావచ్చన్న అనుమానం ఆ రోజుల్లోనే వచ్చింది. ఆ అనుమానాన్ని దాచిపెట్టి డ్యామ్ గొప్ప చెప్పడం నాకిష్టం లేదు.

తరువాత అదే జలాశయం నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఫ్లోరైడ్ ఊళ్లకు తాగడానికి పంపారు. గోదాను ముంచిన నీళ్లే పరుగెత్తే కాళ్లకు ఆసరా అయ్యాయి. అప్పటికే వంగిపోయిన ఎముకను మాత్రం అవి నిటారు చేయలేవు. అందుకే అనుపు నుంచి తిరిగొచ్చాక పిల్లలు అద్దంలో తమ పళ్లు చూసుకోవాలి. చిన్నతనంలో తాగిన ఫ్లోరైడ్ మొదట కనిపించేది అక్కడే, పసుపు, గోధుమరంగు చారలుగా.