వీణను వెతుక్కుంటూ రెండు సాయంకాలాలు

సీమంతోన్నయనంలో ఒక ఘట్టం ఉంది. తొలిచూలు గర్భిణికి పాపట తీసిన పిమ్మట, ఇద్దరు వీణాగాయకులను పాడవలసిందిగా ఆదేశించాలని ఆపస్తంబ గృహ్యసూత్రం విధించింది. నలభై ఏళ్లుగా ఆ ఆదేశాన్ని గృహస్థుల చేత పలికిస్తున్నాను. పాడేవారు మాత్రం ఎన్నడూ లేరు.

ఒక శనివారం ఉదయం ఎల్.బి.నగర్‌లో సీమంతం జరిపిస్తూ ఆ విధికి అర్థం చెప్పాను. "మరి పాడేవారేరండీ పంతులుగారూ?" అని ఆ గర్భిణి అమాయకంగా అడిగింది. వారు పాడవలసిన గాథను ఎప్పటిలాగే నేనే వల్లించి కార్యం ముగించాను. ప్రశ్న మాత్రం నా వెంటే వచ్చింది. వీణను గురించి ఇందరికి చెప్పిన నేను, ఎదుట కూర్చుని విని ఎన్నాళ్లయింది?

ఆ సాయంకాలం ఆలయార్చన మా అబ్బాయికి అప్పగించి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. ఎం.జి.బి.ఎస్.లో మారి చిక్కడపల్లిలో దిగి త్యాగరాయ గానసభకు చేరాను. వీణ కచేరీ మొదలైంది. నాలుగు వాయించే తంత్రులు, మూడు తాళపు తంత్రులు, ఇరవై నాలుగు మెట్లు. కుడిచేయి ఒక్కసారి మీటితే, ఎడమచేయి ఆ తంత్రిని లాగి నాలుగైదు స్వరాలు పలికిస్తోంది. నాదం సన్నగిల్లి మౌనంలో కలిసేదాకా విద్వాంసురాలు తొందరపడలేదు. మంత్రానికీ మంత్రానికీ నడుమ నేను ఊపిరైనా పీల్చుకోని రోజులు గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను.

ఈ దేహమే దైవనిర్మితమైన వీణ అని, కొయ్యవీణ దానికి అనుకరణ అని ఐతరేయారణ్యకం చెబుతుంది. దానికీ శిరస్సు, ఉదరం ఉన్నాయి. మనకు నాలుక ఎటువంటిదో దానికి మీటు అటువంటిది. చిన్ననాడు వల్లించిన ఆ మాట ఆనాడు చెవులతో తెలిసింది.

మరునాడు ఆదివారం లకడీకాపూల్‌లో దిగి రవీంద్రభారతికి నడిచాను. వయొలిన్ కచేరీ. పశ్చిమదేశాల ఆ వాద్యాన్ని ముత్తుస్వామి దీక్షితుల సోదరులు బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతానికి అలవరచగా, మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) దానిని శిఖరానికి చేర్చారు. వేదంలో లేని వాద్యమైనా ఆ నాదం హృదయాన్ని వేదమంత్రంలాగే నిలిపింది.

తిరుగు ప్రయాణంలో ఒక సంగతి స్ఫురించింది. మా ఆలయానికి నిత్యం వచ్చే ఒక అమ్మగారు పిల్లలకు వీణ నేర్పుతారు. ఆమెను నేనెన్నడూ అడగలేదు! లోపం కాలానిది కాదు, నాది.

తరువాత కొత్తపేటలో జరిగిన సీమంతానికి ఆమెను, ఆమె శిష్యురాలిని పిలిపించాము. ఆదేశం పలికించి, ఈసారి నేను ఆగాను. వీణ పలికింది. గర్భిణి కన్నులు మూసుకుని విన్నది.

మీ ఇంట ఆ శుభకార్యం జరిగినప్పుడు వీణ తెలిసినవారిని పిలవండి. తాంబూలంతో, సంభావనతో సత్కరించండి. అంతకుముందు ఒక్క ఆదివారం పిల్లలతో కచేరీకి వెళ్లి కూర్చోండి. శ్రవణమూ భక్తిమార్గమే కదా!