మెట్టు తగ్గిన బస్సు

అమ్మా, అక్కా! తొర్రూరు బస్టాండులో పల్లెవెలుగు ఎట్లా ఎక్కుతారు? ఒక చేత్తో రాడ్డు పట్టుకుంటారు. ఇంకో చేతిలో సంచి. చంకలో పిల్ల. మెట్టేమో మోకాలి దాకా ఉంటుంది. ముసలమ్మ ఎక్కాలంటే వెనక నుంచి ఎవరో ఒకరు పట్టాలి. 2023 డిసెంబరు 9 నుంచి మనకు టికెట్టు పైసలు తప్పాయి. మెట్టు ఎత్తు తప్పలేదు.

బస్సు అంత ఎత్తు ఎందుకు? దాని అడుగుభాగం లారీ లాంటిదే. ఇంజను ముందు ఉంటుంది. అక్కడి నుంచి వెనక చక్రాల దాకా ఇనుప కడ్డీ పోతుంది. వీటన్నిటి పైన రేకు పరుస్తారు. మనం నిలబడేది దాని మీదనే.

లోఫ్లోర్ బస్సులో ఇంజను వెనక పెడతారు. కరెంటు బస్సులో ఇంజనే ఉండదు, మోటారు ఉంటుంది. అందుకని ముందు భాగం కిందికి దిగుతుంది. తలుపు దగ్గర ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. అంటే మూరకు కొంచెం తక్కువ. ఒక్క అడుగు వేస్తే లోపల ఉంటాం. కొన్ని బస్సులకు చక్రాల దగ్గర గాలి సంచులుంటాయి. డ్రైవరు గాలి తీస్తే బస్సు తలుపు వైపు ఒరుగుతుంది, ఇంకా కిందికి వస్తుంది!

2019లో హైదరాబాదు విమానాశ్రయం దారిలో ఇలాంటి కరెంటు బస్సులు 40 నడిపారు.

ఊరి దారుల్లో ఇది కష్టమే. గుంతల్లో అడుగు రాసుకుంటుంది. చక్రాల గూళ్లు లోపలికి వచ్చి సీట్లు తగ్గుతాయి. ధర కూడా ఎక్కువ.

కొత్త బస్సును ముందు ట్రయల్ నడుపుతారు. మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేసి చూస్తారు. బస్సులంటే ముచ్చటపడేవాళ్లు వేగం, మైలేజీ మాట్లాడుకుంటారు. బస్తాలకు మోకాళ్ల నొప్పులు ఉండవు కదా! ఆ రోజు గంప నెత్తినున్న ఆమెను, కడుపుతో ఉన్న ఆమెను, కర్ర పట్టుకున్న అవ్వను కూడా ఎక్కించాలి. ఎవరికి ఎంతసేపు పట్టిందో, ఎవరికి చెయ్యి అందించాల్సి వచ్చిందో రాసుకోవాలి.